పాత మమ్మీ సినిమాల్లో ఏది మేలు: 1932దా, 1959దా?

ఏ మమ్మీ సినిమాకైనా ఒక చిక్కుంది. ఒళ్ళంతా కట్లు, కాలీడ్చుకుంటూ నడక. అలాంటి శవం వెంటపడితే పరిగెత్తి పారిపోవచ్చుగా? 1940ల్లో యూనివర్సల్ స్టూడియో వాళ్ళు ఖారిస్ అనే మమ్మీతో వరసగా తీసిన సినిమాలు తేలిపోయేది ఇక్కడే. అది కుంటుకుంటూ వచ్చి గొంతు పట్టుకునే దాకా మనుషులు గోడకానుకుని అరుస్తూనే ఉంటారు. వాటిని వదిలేయండి. ఈ చిక్కుకు సరైన జవాబు దొరికిన సినిమాలు రెండే, రెండిటి పేరూ 'ది మమ్మీ'యే.

1932 సినిమా అసలు మమ్మీని నడిపించదు. మమ్మీ వేషం వేసిన బోరిస్ కార్లాఫ్ కట్లతో కనిపించేది మొదట్లో కాసేపే. కుర్ర పరిశోధకుడు పెట్టెలోంచి తీసిన మంత్రాల కాగితపు చుట్టను నకలు రాసుకుంటూ పెదాలు కదుపుతుంటాడు. వెనక నిలబెట్టిన శవం కళ్ళు వెంట్రుకవాసి తెరుచుకుంటాయి. గుండెల మీద కట్టుకున్న చేతులు మెల్లగా జారతాయి. తర్వాత మనకు కనబడేది చుట్ట మీద వాలిన చెయ్యి, కుర్రాడి కేక, గడప దాటి జరజరా పోతున్న కట్టు కొస. అంతే. నేపథ్య సంగీతం కూడా ఉండదు. దర్శకుడు కార్ల్ ఫ్రాయిండ్ అంతకుముందు 'మెట్రోపోలిస్', 'డ్రాకులా'లకు కెమెరా పట్టినవాడు. ఏది చూపకూడదో బాగా తెలిసినవాడు.

ఆ కాసేపటి కోసం జాక్ పియర్స్ కార్లాఫ్‌కు ఎనిమిది గంటలు మేకప్ వేశాడు. ముఖం మీద దూది పొరలు, వాటిమీద కొలోడియన్ అనే జిగురు ద్రవం. అది ఆరేకొద్దీ బిగుసుకుని చర్మాన్ని ముడతలుగా లాగుతుంది. అక్కడి నుంచి చివరిదాకా ఫెజ్ టోపీ పెట్టుకుని, అర్దత్ బే అనే మారుపేరుతో తిరిగే ఇంహోటెప్‌గానే (లేచిన మమ్మీ అతనే) కార్లాఫ్ కనిపిస్తాడు. కొలనులో చూస్తూ పిడికిలి బిగిస్తే ఎక్కడో ఉన్న మనిషి గుండె ఆగుతుంది. ఇక నడవాల్సిన పనేముంది?

1959లో బ్రిటన్‌లోని హామర్ స్టూడియో వాళ్ళు దీన్ని తిరగేశారు. మమ్మీ ఖారిస్‌గా వేసిన క్రిస్టఫర్ లీ దాదాపు ఆరున్నర అడుగుల మనిషి. బురదగుంటలోంచి లేచి పెద్ద పెద్ద అంగలేస్తూ తలుపులు బద్దలుకొట్టుకుని వస్తాడు. ఎదురుగా ఉన్న పీటర్ కుషింగ్ పాత్రకు, విరిగిన కాలు సరిగ్గా అతుక్కోక, కుంటి. పారిపోలేడు. కథలో నాలుక కోసేశారు కాబట్టి పునర్జీవితుడైన ఖారిస్‌కు మాటల్లేవు. లీ కళ్ళతోనే కోపం, ప్రేమ రెండూ పలికించాడు. లోపమల్లా ఫ్లాష్‌బ్యాక్. అంత్యక్రియల ఊరేగింపు సాగీసాగీ ఊపు చల్లారిపోతుంది.

కథలో 1932దానికీ లోపాలు లేకపోలేదు. హీరో ప్రేమ ఉప్పులేని పప్పు. చరిత్ర మరీ అన్యాయం: చరిత్రలోని అసలు ఇంహోటెప్ ఈజిప్టులోని సక్కారా మెట్ల పిరమిడ్ కాలంవాడు, సినిమాలో అతని ప్రేయసికి పెట్టిన పేరేమో ఈజిప్టు రాజు టుటన్‌ఖామన్ భార్యది. ఇద్దరికీ మధ్య వెయ్యేళ్ళకు పైనే.

ఒక్కటే చూసే తీరికుంటే 1932ది చూడండి, 73 నిమిషాలే. కొట్లాట, వెంటాడటం కావాలంటే 1959ది. 1999 నాటిది హాయిగా నవ్వుతూ చూసే సాహసగాథ, భయం లెక్కలోకి రాదు.

టీవీలో పెట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు. పాతదాని ఫ్రేము దాదాపు 4:3. తెర నిండాలని జూమ్ నొక్కితే పైనా కిందా తెగిపోతుంది, లాగితే ముఖాలు సాగుతాయి. అటూ ఇటూ నల్ల పట్టీలు ఉండాల్సిందే. బ్రైట్‌నెస్ పెంచితే నలుపు బూడిదరంగుకు తిరిగి, చీకట్లో కార్లాఫ్ కళ్ళ మీద మాత్రమే పడే వెలుగు పలచబడిపోతుంది. 1959 సినిమాకు, రంగులు ముదురు చేసే వివిడ్ మోడ్ తీసేయండి. కెమెరామన్ జాక్ ఆషర్ వేసిన ఆకుపచ్చ వెలుగులు అందులో నియాన్ బోర్డుల్లా కొడతాయి.