శనగపిండి లేని బజ్జీలు: చాలాకాలం వాడిన అనుభవం

శనగపిండి లేకుండా బజ్జీ వేయవచ్చా అంటే, వేయవచ్చు. దానికి బదులు వాడే పిండి అన్ని బజ్జీలకూ కుదురుతుందా అంటే, కుదరదు. మా వారికి చక్కెర వ్యాధి ఉందని తెలిశాక అమలాపురంలోని మా ఇంట్లో అన్నం బాగా తగ్గించాం. సాయంత్రం బజ్జీ మాత్రం ఆయన వదులుకోలేకపోయారు. అందుకే బాదం పిండి, కొబ్బరి పిండి వాడడం మొదలుపెట్టి ఇప్పటికీ వాడుతున్నాను.

100 గ్రాముల శనగపిండిలో పిండిపదార్థం దాదాపు 58 గ్రాములు. కరకరలాడాలని కలిపే బియ్యప్పిండిలో అది 80 గ్రాముల దాకా ఉంటుంది. బాదం పిండిలో 20 గ్రాములకు అటూఇటూ, అందులోనూ సగం పీచే. అయితే బాదంలో దాదాపు సగం బరువు కొవ్వు. కాబట్టి ఈ బజ్జీ తింటే బరువు తగ్గుతారని ఎవరైనా చెబితే నమ్మకండి. పిండిపదార్థం తగ్గుతుంది, కేలరీలు తగ్గవు.

కొబ్బరి పిండికి మాకు కరువు లేదు. కొబ్బరి మార్కెట్ ఉన్న అంబాజీపేట దగ్గరే కదా! పాలు తీసేసిన కోరును బాగా ఎండబెట్టి మర పట్టిస్తాను. బాదం పిండి 3 వంతులు, కొబ్బరి పిండి 1 వంతు, కోడిగుడ్డు, చెంచాడు ఇసబ్గోల్ (తడి తగిలితే జిగురుగా మారే గింజల పొట్టు), వాము, ఉప్పు, కారం. కొబ్బరి పిండి నీళ్లను విపరీతంగా పీల్చుకుంటుంది. అందుకే కలిపిన పిండిని పది నిమిషాలు పక్కన పెట్టి, గట్టిపడితే అప్పుడు కాస్త నీళ్లు చిలకరించాలి. శనగపిండికి ఉండే పట్టు దీనికి లేదు. ముక్కకు ముందు పొడి పిండి అద్ది, ఆ తర్వాత ముంచితేనే పూత నిలుస్తుంది. బూరెల మూకుడులో వేశాక అడుగు గట్టిపడే దాకా గరిటె పెట్టకూడదు. సెగ మధ్యస్థంగా ఉండాలి. బాదం త్వరగా ఎర్రబడుతుంది, లోపల పచ్చిగానే ఉండిపోతుంది.

రొయ్యలకు ఈ పిండి అద్భుతం. అసలు రొయ్యలో పిండిపదార్థం నామమాత్రం. భీమవరం వైపు నుంచి వచ్చే వెనామి (చెరువుల్లో పెంచే రకం) రొయ్యకు గుడ్డు, బాదం రుచి బాగా అతుకుతుంది. శనగపిండి కన్నా ఇదే నాకు ఇష్టం. మిరపకాయ, వంకాయ కూడా బాగుంటాయి. మిర్చిలో చింతపండు గుజ్జు తగ్గించి, పైన నిమ్మరసం పిండుతాను. అరటికాయను మాత్రం మానేశాం. రావులపాలెం అరటి మార్కెట్ ఇంత దగ్గరుండి మానడం బాధే. కానీ ఆ కాయ నిండా పిండిపదార్థమే, పూత మార్చి లాభం లేదు. ఉల్లి పకోడీకి కూడా ఈ పిండి పనికిరాదు, నూనెలో విడిపోతుంది.

మూకుడు దించిన కాసేపటికే ఈ బజ్జీ మెత్తబడుతుంది. శనగపిండి బజ్జీ చల్లారినా తినగలం, ఇది అలా కాదు. ధర కూడా భారమే, బాదం శనగపిండికి ఎన్నో రెట్లు.

తిన్న 2 గంటలకు చూస్తే మా వారి చక్కెర శనగపిండి బజ్జీల రోజు కన్నా తక్కువగానే ఉంటోంది. అయితే మందులు, ముఖ్యంగా ఇన్సులిన్ వాడేవారు వైద్యుడితో మాట్లాడకుండా అన్నం, పిండి ఒక్కసారిగా తగ్గించకూడదు. చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. శనగపిండి సరిపడేవారు దాన్ని మానాల్సిన పని కూడా లేదు, అందులో 100 గ్రాములకు 22 గ్రాముల దాకా మాంసకృత్తులున్నాయి.

పిండిని రెండు వాయిలకు సరిపడా మాత్రమే కలపండి. మిగిలింది మర్నాటికి ఇసబ్గోల్ వల్ల ముద్దకట్టి, ముక్కకు అంటుకోదు.