పచ్చలైటు కాదు, దాని పక్కన తెల్లలైటు: మూడేళ్ల తర్వాత

న్యూజెర్సీలో మా ఊరి వలంటీర్ అంబులెన్స్ నడపడం మొదలుపెట్టి మూడేళ్లయింది. వారానికి ఒక రాత్రి డ్యూటీ. మా బండి నెత్తిమీద స్ట్రోబ్ దీపం సెకనుకు దాదాపు 14 సార్లు కొట్టుకుంటుంది, సిగ్నల్ దగ్గరున్న కన్ను దాన్ని పసిగట్టి మాకు పచ్చలైటు ఇస్తుంది. ఇది తెలిసిన సంగతే. నేను మనసు పారేసుకున్నది మాత్రం సిగ్నల్ పక్కనే బిగించిన చిన్న తెల్లలైటు మీద.

సిగ్నల్ మన మాట విన్నదా లేదా అని చెప్పేది అదొక్కటే. మా ఊళ్లో అది నిలకడగా వెలిగితే దారి మాది. మిణుకుమంటే ఇంకో బండి ముందే సిగ్నల్‌ని పట్టేసుకుందని అర్థం. ఒకసారి అలా మిణుకుమంటుంటే విసుక్కుంటూ ఆగాను. అంతలో అడ్డరోడ్డులోంచి ఫైరింజన్ దూసుకుపోయింది. మన సైరన్ మోగుతున్నప్పుడు ఎదుటివాడి సైరన్ చెవికెక్కదు. ఆ రాత్రి ఇంటికెళ్లి మా ఆవిడకు ఆ లైటు గురించే అరగంట చెప్పాను.

మొదటి ఏడాది కనిపించిన ప్రతివాడికీ "బ్రేకు తొక్కే పనే లేదు" అని చెప్పాను. ఇప్పుడు అనను. అవతలి వాళ్లకు పసుపు పడి, ఆపైన అందరికీ ఎరుపు పడి, అప్పుడు గానీ మనకు పచ్చ రాదు. ఆ సెకన్లు తగ్గించడానికి లేదు, తగ్గించకూడదు కూడా.

కిందటేడు మే నెలలో ఒక రాత్రి ఛాతీనొప్పి కేసు. కొడుకు దగ్గరికి వచ్చిన తెలుగు పెద్దావిడ. హాస్పిటల్ దారిలో ఒక వంపు ఉంది. చలికాలమంతా వంపు తిరుగుతుండగానే తెల్లలైటు కనబడేది, నేనూ ధీమాగా వెళ్లిపోయేవాణ్ణి. ఆ రాత్రి లైటు లేదు. ఎదురుగా ఎరుపు. బ్రేకు గట్టిగా తొక్కాల్సివచ్చింది. వెనక స్ట్రెచర్ మీంచి, "మెల్లగా పోనీ నాయనా, నాకేం కాదులే" అని వినిపించింది. "అలాగేనమ్మా" అన్నాను. "అయ్యో, మనవాడే!" అంది ఆవిడ. నేను కుడివైపు చూస్తున్నాను. ఓ కారు ఆగకుండా పోయింది. అది పోయాక ముందుకు జరిగాను. ఆవిడ క్షేమంగానే చేరింది. నా చేతులు మాత్రం కాసేపు వణికాయి.

మా దీపం మీద దుమ్ము పట్టిందేమోనని తెల్లారి గుడ్డతో తుడిచాను. మిగతా సిగ్నళ్లన్నీ పలికాయి, అదొక్కటే మొండికేసింది. నా కారులో వెళ్లి కింద నిలబడి చూస్తే, పిడికిలంత నల్లటి కన్ను, దానికీ వంపుకీ మధ్య మేపుల్ కొమ్మ, నిండా కొత్త ఆకులు. చలికాలంలో మోడుగా ఉన్నప్పుడు ఏ అడ్డూ లేదు. చెప్పాల్సిన వాళ్లకు చెబితే కొమ్మ కొట్టడానికి మూడు వారాలు పట్టింది. మేమున్నది చెట్లూ వంపులూ ఉన్న ఊరు, ఈ సంగతి ముందే ఒక్కరైనా చెప్పి ఉండాల్సింది.

అన్నట్టు, ఈ స్ట్రోబ్ దీపాన్ని సొంత కారుకి కొనుక్కోవచ్చా అని స్నేహితులు అడుగుతుంటారు. అనుమతి లేనివాళ్లకు అమ్మడం, వాళ్లు వాడడం 2005 నుంచి ఇక్కడ ఫెడరల్ నేరం. వదిలేయండి.

ఈ ఏర్పాటు బాగుందా అంటే, వారానికో రాత్రి, అదీ ఖాళీ రోడ్ల మీద నడిపే నాకు బాగానే ఉంది. రోజంతా రద్దీలో తిరిగేవాళ్ల మాట వేరు. ముందు బండ్లు కదలకపోతే పచ్చలైటు ఏం చేస్తుంది? దీపానికి బదులు జీపీఎస్‌తో ఇదే పని చేసే రకం ఉంది, దానికి సిగ్నల్ ఎదురుగా కనబడాల్సిన పని లేదంటారు, నేను వాడలేదు. ఈ ఏడాది ఏప్రిల్ చివర్లోనే వెళ్లి ఆ మేపుల్ చెట్టుని చూశాను. కొమ్మ కొట్టేసిన చోట రెండు చిగుర్లు వచ్చాయి. ఇంకా కన్ను దాకా రాలేదు.