ఏటీవీ ఎక్కడ నడపాలి: నేషనల్ ఫారెస్ట్‌లోనా, స్టేట్ పార్క్‌లోనా?

కాలిఫోర్నియాలో కొత్తగా ఏటీవీ (మట్టిదారుల్లో నడిపే నాలుగు చక్రాల బండి) కొన్న మన తెలుగువాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. వెంట పిల్లలున్నా, నడపడం ఇదే మొదటిసారైనా ఇలాంటి బండ్ల కోసమే ఉన్న స్టేట్ వాళ్ళ వెహికల్ పార్క్‌కే వెళ్ళమంటాను. మ్యాప్ చదవడం వచ్చాక మాత్రం నేషనల్ ఫారెస్ట్‌కు సాటి లేదు.

కాగితాల విషయంలో రెండింటికీ పెద్ద తేడా లేదు. డీఎంవీ (రాష్ట్ర వాహనాల రిజిస్ట్రేషన్ ఆఫీసు) రోడ్డెక్కని బండ్లకు ఇచ్చే గ్రీన్ స్టిక్కర్ ఎక్కడైనా ఉండాల్సిందే, అది రెండేళ్ళు చెల్లుతుంది. హెల్మెట్ తప్పనిసరి. 1986 నుంచి తయారైన బండ్లకు శబ్దం 96 డెసిబెల్స్ దాటకూడదు. 18 ఏళ్ళలోపు పిల్లలకు సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి, లేదా అది ఉన్న పెద్దవాళ్ళు దగ్గరుండి చూసుకోవాలి. ఒక్కరి కోసం చేసిన బండి మీద పిల్లల్ని వెనక ఎక్కించుకోకూడదు. దయచేసి "కొంచెం దూరమేగా" అనుకోవద్దు. ఆ బండి వంపులో ఒరిగేటప్పుడు నడిపేవాళ్ళు తమ బరువును అటూ ఇటూ మార్చి ఆపుకోవాలి. వెనక ఇంకొకరుంటే అది కుదరదు.

నిప్పురవ్వల్ని ఆపే స్పార్క్ అరెస్టర్ కూడా ఉండాలి. ఒకసారి ఫారెస్ట్‌లో ఒక ఆఫీసర్ మా బండి ఆపి, సన్నటి తీగ ఒకటి సైలెన్సర్ గొట్టంలోకి దూర్చారు. లోపల జాలీకి తగిలి ఆగింది. "ఓకే" అని పంపేశారు. నేరుగా లోపలికి వెళ్ళిపోయి ఉంటే మా రోజు అక్కడితో అయిపోయేది. ఎండుగడ్డి మోకాలెత్తున్న చోట ఆ చెకింగ్ ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు.

అసలు తేడా దారి దగ్గర వస్తుంది. స్టేట్ పార్క్‌లో గేటు దగ్గర ఫీజు కడతారు, ఏ ట్రైల్ ఎంత కష్టమో బోర్డులు చెబుతాయి, తడిగా ఉంటే వాళ్ళే మూసేస్తారు. హాలిస్టర్ హిల్స్ చూడండి. శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్ (భూమి లోపలి పెద్ద పగులు) ఆ పార్క్ మధ్యలోంచే పోతుంది. ఒకవైపు గ్రానైట్ నేల, చక్రానికి పట్టు బాగుంటుంది. రెండోవైపు బంకమట్టి, వాన పడితే జారుడుబల్లే. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు నాకు కనిపించలేదు.

ఫారెస్ట్‌లో బోర్డు లేదని తప్పించుకోలేరు. 2005లో వచ్చిన ట్రావెల్ మేనేజ్‌మెంట్ రూల్ ప్రకారం, ఫారెస్ట్ సర్వీస్ ఉచితంగా ఇచ్చే మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్‌లో ఉన్న దారుల్లోనే బండి నడపాలి. మ్యాప్‌లో లేని దారి కళ్ళ ముందు ఎంత చక్కగా కనిపిస్తున్నా, అది మూసినట్టే లెక్క. నలుపు తెలుపు మ్యాప్, చూడ్డానికి బోసిగా ఉంటుంది. మొదటిసారి దాన్ని ట్రక్కు వెనక డోర్ మీద పరిచి, టార్చ్ లైట్‌లో అరగంట చూశాను. రెండు సన్నటి గీతలు జంటగా ఉంటే అది రోడ్డు మీద తిరగడానికి రిజిస్టరైన బండ్లకే. గ్రీన్ స్టిక్కర్ అక్కడ పనికిరాదు. లావుపాటి నల్ల గీతైతే అన్ని బండ్లూ వెళ్ళొచ్చు. ఫలానా నెలల్లోనే తెరుస్తారన్న వివరం పట్టికలో ఉంటుంది, చాలామంది అది చూడరు.

సైడ్ బై సైడ్ (పక్కపక్కన కూర్చునే వెడల్పాటి బండి) కొన్నవాళ్ళకు ఇంకో చిక్కు. ఫారెస్ట్‌లో చాలా ట్రైల్స్ 50 అంగుళాల వెడల్పు లోపు బండ్లకే. ఇప్పుడు అమ్ముతున్నవాటిలో 60 దాటినవే ఎక్కువ. కొనకముందే టేపు పెట్టి కొలవండి. ఇక వైల్డర్‌నెస్‌గా ప్రకటించిన అడవిలోకి 1964 చట్టం ప్రకారం ఏ మోటార్ బండీ వెళ్ళకూడదు.

అసోసియేషన్ తరఫున పెద్ద గుంపుగా వెళ్తున్నారా? నేషనల్ ఫారెస్ట్‌లో 75 మంది, అంతకు మించితే గ్రూప్ పర్మిట్ ముందే తీసుకోవాలి. డబ్బు వసూలు చేయని గుంపుకు అది ఉచితమే.

ఇంత జంజాటం ఉన్నా నేను ఫారెస్ట్‌కే ఎందుకు వెళ్తానంటే, ఇంజన్ ఆపిన మరుక్షణం దేవదారు చెట్ల మధ్య వినిపించే ఆ నిశ్శబ్దం పార్క్‌లో దొరకదు. కానీ బయల్దేరే ముందు రోజు రేంజర్ ఆఫీసుకు ఫోన్ చేస్తాను. 2020 సెప్టెంబర్‌లో కార్చిచ్చుల వల్ల కాలిఫోర్నియాలోని 18 నేషనల్ ఫారెస్ట్‌లనూ ఒకేసారి మూసేశారు. అలాంటి ఆర్డర్ మ్యాప్‌లో కనిపించదు.