విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ: అమ్మడమా, ప్యాకేజీయా?

అమ్మకం వద్దని కార్మికులు దీక్షకు కూర్చున్న కూర్మన్నపాలెంలో ఈ మాట అంటే తంతారేమో గానీ, నా ఓటు అమ్మకానికే. 2021 జనవరిలో నూరు శాతం వాటా వదులుకుంటామన్న కేంద్రమే 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది.

ప్యాకేజీతో ఉద్యోగులకు కొన్నాళ్లు టెన్షన్ తగ్గుతుంది, సరే, కానీ సొంత ఇనుప గనులు లేని ప్లాంటు ఖనిజాన్ని బయట కొనాల్సిందే, పెద్ద నిర్ణయం ఏదైనా ఢిల్లీ వైపు చూడాల్సిందే, మళ్లీ నష్టమొస్తే భారం మన పన్నుల మీదే.

అమ్మితే ఆ నష్టం కొన్నవాడిది. గనుల సమస్య అప్పుడూ పోదు, కొన్నవాడు గనులను వేలంలో పాడుకోవాలి.

అసలు చిక్కు భూమి. ప్లాంటు కోసం భూములిచ్చిన నిర్వాసితుల బాకీ తేల్చకుండా, బహిరంగ వేలం లేకుండా, ఆ వేల ఎకరాల మీద కన్నేసినవాడికి చవగ్గా కట్టబెడితే మాత్రం నేనూ దీక్షా శిబిరంలోకే వస్తా.