కంటి పరీక్షా, మెడ డాప్లరా: ఏది ముందు?

ఒక కంటికి ఉన్నట్టుండి తెర దించినట్టు చీకటి కమ్మి, కాసేపటికి మళ్లీ మామూలైపోతే చాలామంది నీరసం అనుకుని వదిలేస్తారు. దయచేసి వదలకండి. మెదడుకు రక్తం తీసుకెళ్లే మెడలోని కెరోటిడ్ ధమని నుంచే కంటికి రక్తమిచ్చే నాళం కూడా చీలుతుంది. అక్కడ కొవ్వు పేరుకుని దారి ఇరుకైతే, ఆ దెబ్బ ముందుగా కంట్లోనే తెలియొచ్చు.

అలాంటప్పుడు ఏ పరీక్ష మేలు?

చుక్కలు వేసి కంటి లోపలి వెనుక భాగాన్ని చూసే ఫండస్ పరీక్ష తేలిక, ఖర్చూ తక్కువ. నాళంలో మెరుస్తూ ఇరుక్కున్న కొలెస్ట్రాల్ ముక్క కనిపిస్తే జవాబు సగం దొరికినట్టే. కానీ ఫండస్ బాగుందంటే మెడ బాగున్నట్టు కాదు.

రెటీనా (కంటి లోపల వెలుగును పట్టే పొర) పనితీరును కొలిచేది ఈఆర్‌జీ (ఎలక్ట్రోరెటినోగ్రామ్). కంటిపై వెలుగు మెరిపించి, రెటీనా ఇచ్చే విద్యుత్ స్పందనను నమోదు చేస్తారు. అందులో బి-తరంగం రెటీనా లోపలి పొరలది. రక్తం చాలనప్పుడు అది చిన్నదవుతుంది. రెటీనా వెనకున్న పొరకూ రక్తం తగ్గితే ఎ-తరంగం కూడా పడిపోతుంది. ఇంకో సులువైన పద్ధతీ ఉంది: గట్టి లైటు వేసి, తర్వాత అక్షరాలు చదవడానికి ఎంతసేపు పడుతుందో ఒక్కో కంటికీ చూడటం. నాళం బాగా ఇరుకైన వైపు కన్ను ఆలస్యంగా తేరుకుంటుంది. ఎండలోకి వెళ్తే ఒక కన్ను మసకబారుతోందని కొందరు చెప్పేది ఇదే. అయితే మాక్యులా (రెటీనా నడిమి భాగం) జబ్బుల్లోనూ ఇలా జరుగుతుంది కాబట్టి దీన్నిబట్టే మెడ జబ్బని తేల్చలేం.

మెడపై అల్ట్రాసౌండుతో రక్త ప్రవాహాన్ని చూసే డాప్లర్‌కు సూది లేదు, రేడియేషన్ లేదు. రక్తం పారే వేగాన్నిబట్టి ఎంత ఇరుకైందో అంచనా కడతారు. చికిత్స ఆ లెక్కపైనే ఆధారపడుతుంది. 1991లో వెలువడిన ఉత్తర అమెరికా అధ్యయనంలో, లక్షణాలు కనిపించి 70–99 శాతం ఇరుకైన వాళ్లలో, రెండేళ్లలో అదే వైపు మెదడుకు దెబ్బ తగిలి పక్షవాతం మందులతోనే ఉన్నవాళ్లకు 26 శాతం, ఆ నాళంలోని కొవ్వు తీసే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు 9 శాతం వచ్చింది.

అందుకే, చూపు పోయి తిరిగొస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లి డాప్లర్ గురించి అడగండి. ఈఆర్‌జీ తర్వాత చూసుకోవచ్చు. చూపు తిరిగి రాకపోతే అది ఎమర్జెన్సీ, ఒక్క గంట కూడా ఆగొద్దు. ఏ లక్షణమూ లేనివాళ్లందరికీ డాప్లర్ అక్కర్లేదు. షుగర్ ఉండి, ఏటా జరిగే కంటి పరీక్షలో ఒక కంట్లోనే రక్తపు మరకలు ఎక్కువగా కనిపిస్తే మాత్రం మెడ సంగతి డాక్టరును మీరే అడగండి.