నాలుగేళ్లలో ఐదు చినో ప్యాంట్లు: నడుము సైజు చూసి మోసపోయిన తొడల కథ

నా నడుము 33 అంగుళాలు, తొడ పైభాగం చుట్టుకొలత 25 అంగుళాలు. ఏళ్ల తరబడి సైకిల్ తొక్కిన కాళ్లు కాబట్టి, నడుముకు సరిపోయే ప్యాంటు తొడల దగ్గర పట్టేసేది, తొడలకు సరిపోయేది వెనక నడుము దగ్గర పిడికెడు వదులుగా నిలబడేది. నాలుగేళ్లలో ఐదు చినో ప్యాంట్లు (గట్టి నూలు బట్టతో కుట్టే మామూలు వాడకపు ప్యాంట్లు) కొని, వాటిలో మూడింటిని అరిగిపోయేదాకా వాడిన తరువాత, లేబుల్ మీది నడుము సైజును నేను చిట్టచివర చూస్తున్నాను. ఆ అంకె కూడా నికరమైనది కాదు: 34 అని రాసిన రెండు వేర్వేరు కంపెనీల ప్యాంట్లకు టేపు పెట్టి చూస్తే ఒకటి 34, మరొకటి 35న్నర వచ్చాయి.

మొదటిది స్లిమ్ ఫిట్, అంటే కాళ్లకు అంటుకున్నట్టు సన్నగా కుట్టినది. అద్దం ముందు నిలబడినంతసేపు బాగానే ఉండేది గాని, తొందరపాటుకు సాక్ష్యాలు దాని మీదే కనిపిస్తూ ఉండేవి. పక్క జేబుల అంచులు చెవుల్లా విచ్చుకునేవి, జిప్పు అడుగు నుంచి రెండు తొడల వైపు మీసాల్లా ముడతలు పరుచుకునేవి. ముడతలు ఇస్త్రీ లోపమని అనుకుని చాలాకాలం ఇస్త్రీ పెట్టెనే తిట్టాను. నిజానికి తొడ, సీటు (పిరుదుల భాగం) దగ్గర బట్ట చాలకపోతే పడే ముడతలు అవి. ఎనిమిది నెలలకు తొడల లోపలి వైపు, కాళ్లు ఒరుసుకునే చోట, బట్ట పలచబడి వెలుతురుకు ఎత్తిపట్టుకుంటే నేత కనిపించసాగింది. దర్జీ లోపలి నుంచి అతుకు వేసి ఇచ్చినా అది మరో రెండు నెలలకు మించి నిలవలేదు.

సీటు, తొడ దగ్గర చోటు ఇచ్చి మోకాలి నుంచి సన్నబడే ‘అథ్లెటిక్ టేపర్’ రకం నా శరీరానికి కుదిరింది. తొడలకు సరిపోయే 34 సైజు కొని, నడుమును వెనక నడిమి కుట్టు దగ్గర ఒక అంగుళం లోపలికి తీయించాను. అంతకంటే బాగా ఎక్కువ తీయిస్తే వెనక జేబులు రెండూ ఒకదాని దగ్గరికి మరొకటి జరిగి చూపుకు ఎబ్బెట్టుగా ఉంటాయని ఒకసారి చేతులు కాల్చుకున్నాకే తెలిసింది. నడుము తగ్గించడం తేలిక, తొడ పెంచడం మాత్రం దాదాపు అసాధ్యం, ఎందుకంటే రెడీమేడ్ ప్యాంటు కాళ్ల కుట్టుల లోపల విప్పుకోవడానికి బట్ట మిగలడం అరుదు.

మా అన్నయ్యది మరో తంటా. పొట్ట ఉంది, కాళ్లు మాత్రం సన్నవి. పొట్ట కొలతతో 40 సైజు కొంటే సీటు వెనక సంచిలా వేలాడేది, బెల్టు బిగిస్తే నడుము చుట్టూ కుచ్చులు పడేవి. ఆయన సమస్య వెడల్పుది కాదు, రైజ్‌ది, అంటే కాళ్ల నడిమి కుట్టు నుంచి ముందు వైపు నడుము పట్టీ దాకా ఉండే ఎత్తుది. తొమ్మిదిన్నర అంగుళాల రైజ్ ఉన్న ప్యాంటు పొట్ట కిందికి జారితే, పన్నెండు అంగుళాలది పొట్ట మీద కూర్చుని నిలుస్తుంది. దాంతో ఎత్తు రైజ్ ఉన్న 38 సైజు స్ట్రెయిట్ ఫిట్ (కాలు సన్నబడకుండా నిటారుగా దిగేది) ఆయనకు సరిపోయింది. రైజ్‌ను తరువాత ఏ దర్జీ పెంచలేడు కనుక కొనేటప్పుడే కొలుచుకోవాలి. సన్నగా, పొడుగ్గా ఉన్నవారు స్లిమ్ ఫిట్ నిశ్చింతగా తీసుకోవచ్చు, పొడవు చాలకపోతే విప్పుకోవడానికి అంచు మడతలో బట్ట ఎంత మిగిలిందో ఒకసారి తిప్పి చూసుకుంటే చాలు.

బట్ట సంగతి కూడా చెప్పాలి. నేను కొన్న ఐదింటిలో రెండు నూరు శాతం నూలు, మిగతావి 98 శాతం నూలుకు 2 శాతం ఎలాస్టేన్ అనే సాగే దారం కలిపినవి. సాగే గుణమున్నవి మొదటి రోజు నుంచే హాయిగా ఉంటాయి గాని, రెండేళ్లకు మోకాళ్ల దగ్గర ఉబ్బి, ఉతికినా వెనక్కి రావడం మానేశాయి. అచ్చమైన నూలుది తొలి పది రోజులు అట్టలా ఉండి విసిగించింది, ఇప్పటికీ ఆకారం మాత్రం వదల్లేదు. దానికి ఉన్న ఒకే దోషం, మొదటి ఉతుకుకు కాలి పొడవులో దాదాపు అంగుళం కుదించుకుపోవడం. అప్పటికే అంచు కుట్టించేసి ఉన్నందువల్ల ఆ ప్యాంటు వేసుకుంటే ఇప్పటికీ మేజోళ్లు కనిపిస్తాయి. ఆ తరువాత కొన్నవాటిని ఉతికి ఆరేశాకే దర్జీ దగ్గరికి తీసుకువెళ్లాను.

ఇప్పుడు ఆరోది కొనవలసి వచ్చింది. బాగా కుదిరిన ప్యాంటును నేల మీద పరిచి, కాళ్ల నడిమి కుట్టుకు ఒక అంగుళం కింద తొడ వెడల్పు (13), ముందు రైజ్ (11), కాలి అంచు వెడల్పు (7న్నర) ఒక కాగితం మీద రాసుకున్నాను. ఆ కాగితంలో నడుము కొలత రాయడం మరిచిపోయానని ఇది రాస్తుంటేనే గమనించాను.