నా ఎస్‌ఎస్‌డీ ఆయుష్షు లెక్క: ఆరేళ్ల వాడకం తర్వాత

ఈ డిస్కు వేగం గురించి రాయను. హార్డ్ డిస్కు వదిలి ఎస్‌ఎస్‌డీకి (తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లోనే డేటా దాచే డిస్కుకు) మారినవాళ్లందరూ మొదటి రోజు ఆశ్చర్యపోతారు, రెండో వారానికి ఆ సంగతే మరిచిపోతారు. నేనూ అంతే. నాది 500 గిగాబైట్ల ఎన్‌వీఎంఈ డిస్కు (ఎస్‌ఎస్‌డీల్లో వేగమైన రకం), లోపలి చిప్పులు టీఎల్‌సీ రకం; ఆ మాటకు అర్థం తర్వాత చెబుతాను. అయిదేళ్ల వారంటీ, 300 టెరాబైట్ల రాతకు హామీ. ఇంతకు మించి దాని జాతకంతో ఎవరికీ పని లేదు. ఆరేళ్లుగా నన్ను పట్టుకుని వదలనిది దానిలోని ఒకే ఒక్క సదుపాయం: తన ఆయుష్షు ఎంత ఖర్చయిందో తానే లెక్క రాసి పెట్టుకోవడం.

డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ నివేదిక తెరిస్తే ‘వాడిన శాతం’ అని ఒక అంకె కనిపిస్తుంది. కొత్తలో సున్నా. రాసేకొద్దీ పెరగడమే తప్ప తగ్గడం ఉండదు. 100 దగ్గర కూడా ఆగదు, 255 దాకా చూపించే వీలుంది. నా పాత హార్డ్ డిస్కుల్లో రెండు చెప్పాపెట్టకుండా పోయాయి. ఇదేమో మొదటి రోజు నుంచీ పద్దు పుస్తకం విప్పి ఎదురుగా పెడుతోంది. ఇంత నిజాయతీ గల యంత్రాన్ని ఇంతవరకు చూడలేదని కొన్న కొత్తలో కనిపించినవాళ్లందరికీ చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవలసి ఉంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు నా తెలివితక్కువతనం ఒకటి చెప్పుకోవాలి. ఏడాది నిండినప్పుడు మొదటిసారి నివేదికను వరుసవరుసగా చదివాను. రాసిన డేటా యూనిట్లు ఒక కోటీ పదిహేడు లక్షల చిల్లర. యూనిట్ అంటే 512 బైట్లని ఎక్కడో చదివిన జ్ఞాపకం. గుణిస్తే 6 గిగాబైట్లు తేలింది. ఏడాది మొత్తానికి 6 గిగాబైట్లే! ఇంత పొదుపరి మరొకడు ఉండడని ఆ పూటంతా సంబరపడ్డాను. సాయంత్రానికి అనుమానం మొదలైంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడానికే అంతకన్నా ఎక్కువ పట్టింది కదా? మళ్లీ చదివితే అసలు విషయం తెలిసింది. ఆ నివేదికలో ఒక్కో యూనిట్ అంటే అలాంటి 512 బైట్ల ముక్కలు వెయ్యి. అంటే 5,12,000 బైట్లు. నేను రాయించింది 6 గిగాబైట్లు కాదు, 6 టెరాబైట్లు. రోజుకు దాదాపు 16 గిగాబైట్లు.

నా పని వ్యాసాలు దిద్దడం, ఉత్తరాలు రాయడం, అప్పుడప్పుడు ఫోటోలు సర్దుకోవడం. రోజంతా టైపు చేసినా నా అక్షరాలు వంద కిలోబైట్లకు చేరవు. మిగిలినదంతా రాసింది నేను కాదు. బ్రౌజరు దాచుకునే పేజీలు, 8 గిగాబైట్ల ర్యామ్ చాలక డిస్కు మీదికి దిగే భారం, అప్‌డేట్లు, లాగ్ ఫైళ్లు కలిసి రాసింది. ఈ లెక్కన 300 టెరాబైట్లు పూర్తి కావాలంటే యాభై ఏళ్లు పడుతుంది. నిశ్చింతగా నిద్రపోవలసిన లెక్క అది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

ఎందుకంటే అప్పటికే ఎస్‌ఎస్‌డీ చిప్పుల్లో ఉండే ఫ్లాష్ మెమరీ ఎలా పనిచేస్తుందో చదివి ఉన్నాను. అది పలక లాంటిది. ఖాళీగా ఉన్న చోట ఎంతైనా రాయవచ్చు కానీ ఒక్క అక్షరం దిద్దాలన్నా ఆ పలక మొత్తం తుడవాలి. తుడిచిన ప్రతిసారీ పలక కొద్దిగా అరుగుతుంది. అందుకే కంట్రోలర్, అంటే డిస్కును నడిపే చిప్పు, అక్కడికక్కడే తుడవకుండా దిద్దిన మాటను మరో పలక మీద రాసి, పాతదాన్ని తీరిక దొరికినప్పుడు తుడుస్తుంది. అరుగుదల అన్ని పలకల మీదా సమానంగా పడేలా చూస్తుంది. ఈ సర్దుబాటు కోసం మనం అడిగినదానికన్నా ఎక్కువే రాస్తుంది. డిస్కు నిండుగా ఉంటే ఆ ఎక్కువ ఇంకా ఎక్కువ అవుతుంది. ఫ్లాష్‌లో డేటా నిలిచే అతి చిన్న అరను గది అనుకుంటే, టీఎల్‌సీలో ఒక్కో గదిలో మూడు బిట్లు, క్యూఎల్‌సీలో నాలుగు. ఒకే గదిలో ఎక్కువ బిట్లు కుక్కినకొద్దీ ఓర్పు తగ్గుతుంది.

ఇదంతా తలకెక్కాక ఊరుకోవడం నా వల్ల కాలేదు. బ్రౌజరు దాచుకునే పేజీలను ర్యామ్‌లోకి మార్చాను. హైబర్నేషన్ (కంప్యూటరు ఆగేముందు ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద దాచడం) ఆపేశాను. తాత్కాలిక ఫైళ్లను పాత హార్డ్ డిస్కుకు పంపాను. దాంతో ఫోటోల ప్రోగ్రాము మళ్లీ గుర్రుమంటూ నడవసాగింది. గొడుగు తడిసిపోతుందని చంకలో పెట్టుకుని వానలో నడిచినట్టు ఉంది నా వ్యవహారం. రోజూ ఉదయం అంకె చూసుకోవడం అలవాటైంది. “నాన్నా, ఇవాళ డిస్కుకు జ్వరం ఎంత ఉంది?” అని మా అమ్మాయి ఎగతాళి చేసేది. ఏడాదిన్నరకు 9 టెరాబైట్లు, 3 శాతం. ఆ తర్వాత పని ఒత్తిడిలో పడి చూడడం మానేశాను.

అయిదు నెలల తర్వాత చూస్తే 10 శాతం.

రాసినది 31 టెరాబైట్లు దాటింది. ఏడాదిన్నరలో 9, అయిదు నెలల్లో 22! రోజుకు 150 గిగాబైట్లు. నా అలవాట్లేమీ మారలేదు. మొదట బ్రౌజరును అనుమానించాను. నేను వాడే ఫైర్‌ఫాక్స్ తెరిచి ఉన్న పేజీల జాబితాను 15 సెకన్లకోసారి డిస్కు మీద భద్రం చేసుకుంటుంది. దాన్ని మూసేశాను. యూనిట్ల సంఖ్య కాగితం మీద రాసుకుని, కుర్చీలోంచి లేచి, గంట తర్వాత వచ్చి చూశాను. ఎవరూ ముట్టుకోని కంప్యూటరు ఆ గంటలో 8 గిగాబైట్లకు పైగా రాసింది. ఎవరూ లేని ఇంట్లో కుళాయి కారుతోందన్నమాట.

అప్పుడు డిస్కు రాతలను చూపించే ఐఓటాప్ అనే ప్రోగ్రాము తెరిచి, ఏ ప్రోగ్రాము ఎంత రాసిందో మొదటి నుంచీ కూడి చూపించేలా పెట్టి కూర్చున్నాను. నాలుగు నిమిషాలు ఏమీ లేదు. అయిదో నిమిషంలో ఒక్కసారిగా 700 మెగాబైట్లు. మళ్లీ నిశ్శబ్దం. మళ్లీ అయిదో నిమిషంలో 700. దొంగ దొరికాడు. నేను రోజూ మెచ్చుకుంటూ వాడుతున్న నోట్స్ ప్రోగ్రాము అది. రాసుకున్నదంతా ఒకే ఫైలులో పెడుతుంది. అయిదు నిమిషాలకోసారి దూరపు సర్వరుతో సరిచూసుకుంటుంది. సరిచూసుకున్న ప్రతిసారీ ఫైలులోని ఖాళీలు ఊడ్చే పేరుతో మొత్తం ఫైలును కొత్తగా తిరగరాస్తుంది. మార్పు ఒక్క కామా అయినా అంతే, అసలు ఏ మార్పూ లేకపోయినా అంతే. సరిగ్గా అయిదు నెలల కిందట నేను పాత పుస్తకాల పుటలు స్కాన్ చేసి అందులో చేర్చడం మొదలుపెట్టాను. దాంతో ఫైలు ఉబ్బిపోయింది. రోజుకు పదహారు గంటలు కంప్యూటరు నడిస్తే 192 సార్లు తిరగరాత, అంటే 134 గిగాబైట్లు. మామూలు 16 కలిపితే 150. లెక్క అణా పైసలతో సహా సరిపోయింది.

ఈ జబ్బు దానికొక్కదానికే లేదు. 2016లో స్పాటిఫై డెస్క్‌టాప్ ప్రోగ్రాము మీద ఇలాంటి ఫిర్యాదే వచ్చింది. పాటలు వినకపోయినా వందల గిగాబైట్లు రాస్తోందని బయటపడితే తర్వాత సరిచేశారు. నా నోట్స్ ప్రోగ్రాము వాళ్లకు నేను అంకెలతో సహా ఉత్తరం రాశాను. ఈ కాలం డిస్కులు చాలా గట్టివని, పట్టించుకోవలసిన అవసరం లేదని జవాబు వచ్చింది. ఒళ్లు మండింది. నా సొత్తును నన్ను అడగకుండా అరగదీసి, పైగా అది గట్టిదే కదా అంటే ఎలా? స్కాన్ చేసిన పుటలను అందులోంచి తీసి వేరే ఫోల్డర్‌లో పెట్టాను. సర్వరుతో సరిచూడడం రోజుకు ఒక్కసారికి తగ్గించాను. మర్నాటి నుంచి మళ్లీ 16 గిగాబైట్లు.

కోపం తగ్గాక కాగితం తీసుకుని మరో లెక్క వేశాను. దొంగను పట్టుకోకుండా వదిలేసి ఉంటే? మిగిలిన 268 టెరాబైట్లు, రోజుకు 150 గిగాబైట్ల చొప్పున, ఇంకా అయిదేళ్లకు కొంచెం తక్కువ వచ్చేవి. వారంటీ గడువు కూడా దాటేది. అంటే ఆ ఉత్తరంలో వాళ్లు చెప్పింది చాలావరకు నిజమే. ఒప్పుకోవడానికి మనసు రాలేదు, ఇప్పటికీ పూర్తిగా రాలేదు. ద టెక్ రిపోర్ట్ అనే వెబ్ పత్రిక 2013 నుంచి 2015 వరకు ఆరు ఎస్‌ఎస్‌డీల మీద చచ్చేదాకా రాస్తూ పోయింది. ఆరూ హామీ ఇచ్చిన అంకెలను దాటాయి. రెండు 2 పెటాబైట్లు కూడా దాటాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం గదికి రెండు బిట్లే ఉండే ఎంఎల్‌సీ కాలం నాటివి.

అలాగని రాతల వల్ల ఏమీ కాదనీ అనలేను. 2021లో అమెరికాలో టెస్లా సుమారు 1,35,000 మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లను వెనక్కి పిలవవలసి వచ్చింది. వాటి మధ్య తెరను నడిపే 8 గిగాబైట్ల ఫ్లాష్ చిప్పు రాసిరాసి అరిగిపోతోంది. నా 500 గిగాబైట్లలో చెదిరిపోయిన రాతే 8 గిగాబైట్లలో పడితే ప్రతి గదికీ అరవై రెట్ల దెబ్బ. నన్ను కాపాడింది నా జాగ్రత్త కన్నా డిస్కు పరిమాణమే అనుకోవాలి.

ఇక ఆ సవరణ సంగతి. అయిదో ఏడాది చివర ఒక ఉదయం కంప్యూటరు ఆన్ చేస్తే డిస్కే లేదంది. పాడైందని కూడా కాదు, అసలు అలాంటిది లేనే లేదని. కంప్యూటరు లేవగానే మొదట నడిచే బయోస్‌లోనూ కనిపించలేదు. ముందు రోజు దాని అంకె 16 శాతం. మూత విప్పి, డిస్కు ఊడదీసి మళ్లీ బిగించాను. లేదు. తీగలన్నీ తీసేసి అరగంట వదిలేశాను. ఆ అరగంటలో గుర్తొచ్చినదేమిటంటే, బ్యాకప్ తీసి మూడు నెలలైంది. ఎందుకు తీయలేదు? 84 శాతం ఆయుష్షు మిగిలి ఉందని రోజూ చూస్తున్నాను కదా, తొందరేముంది అనుకున్నాను. హార్డ్ డిస్కుల కాలంలో ప్రతి ఆదివారం బ్యాకప్ తీసేవాణ్ని. ఎప్పుడు పోతుందో తెలియదన్న భయం నాతో ఆ పని చేయించేది. ఈ నిజాయతీ గల అంకె ఆ భయాన్ని తీసేసింది.

అరగంట తర్వాత డిస్కు ఏమీ జరగనట్టు తిరిగి వచ్చింది. ఒక్క ఫైలు కూడా పోలేదు. నివేదిక చూస్తే వాడిన శాతం 16, అరిగినవాటి బదులు వాడుకునే అదనపు గదులు నూటికి నూరు, మీడియా లోపాలు సున్నా. సక్రమంగా ఆగని సందర్భాల లెక్కలో మాత్రం ఒకటి పెరిగింది. తాను అరగంట సేపు లోకంలోనే లేనన్న సంగతి దాని పద్దులో ఎక్కడా లేదు. ఆ అంకె కొలిచేది గదుల అరుగుదలను మాత్రమే. కంట్రోలర్ మొరాయిస్తే, డిస్కు లోపలి ప్రోగ్రాము ఫర్మ్‌వేర్ తప్పటడుగు వేస్తే దానికి తెలియదు. పెట్రోలు ముల్లు టైరు సంగతి చెప్పదు కదా. 2019లో సర్వర్ల కంపెనీ హెచ్‌పీఈ తన సర్వర్లలోని కొన్ని ఎస్‌ఎస్‌డీలు సరిగ్గా 32,768 గంటలు నడవగానే ఆగిపోతాయని, అందులోని డేటా తిరిగి రాదని హెచ్చరించి ఫర్మ్‌వేర్ మార్చుకోమంది. అక్కడ రాతల ప్రసక్తే లేదు, గంటలు లెక్కపెట్టడంలో తప్పు. నా డిస్కు ఈమధ్యే 35,000 గంటలు దాటింది. దానికీ దీనికీ సంబంధం లేదని తెలిసినా, 32,768 దాటిన రోజున కాస్త ఊపిరి పీల్చుకున్న మాట నిజం.

ఇప్పుడు 55 టెరాబైట్లు, 18 శాతం. మళ్లీ ఇదే కొంటానా అంటే, నా పనికి కొంటాను, కానీ ఈసారి 1 టెరాబైట్‌ది. అందులో సగం ఖాళీగా ఉంచుతాను. ర్యామ్ 16 గిగాబైట్లు చేశాక రోజువారీ రాత ఇంకాస్త తగ్గింది కూడా. వీడియోలు కూర్చేవాళ్లకు, వర్చువల్ మెషీన్లు నడిపేవాళ్లకు నా లెక్కలు పనికిరావు. నేను గుండె బాదుకున్న 150 గిగాబైట్లు వాళ్లకు మామూలు రోజు కావచ్చు. క్యూఎల్‌సీ నేను వాడలేదు కనుక దాని గురించి మాట్లాడను. దీన్ని విశ్రాంత జీవితంలో బ్యాకప్‌లు దాచే డిస్కుగా బీరువాలో పెడదామనుకున్నాను గానీ మానుకున్నాను. చిప్పులకు ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ చెప్పిన ప్రకారం, హామీ మేర రాతలు పూర్తయిన మామూలు ఎస్‌ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర డేటాను ఒక ఏడాది నిలపగలిగితే చాలు. నాది అంత అరగలేదు, నిజమే. అయినా ఏళ్ల తరబడి మూసి ఉంచే పెట్టెకు పాత హార్డ్ డిస్కే నయమనిపిస్తోంది.

వారంటీ పోయిన ఏడాదే ముగిసింది. అంకె చూసే అలవాటు పూర్తిగా పోలేదు, కానీ దానికో షరతు పెట్టుకున్నాను: బ్యాకప్ పూర్తయ్యాకే చూడాలి. ఈ నెల ఇంకా చూడలేదు.